కాంతనగర నవరత్నప్రాసాదము: శాసనకాలవిచారము

వంగదేశపు టుత్తరభాగమున దినాజపురమను పట్టణము కలదు. దానికి ఉత్తరముగా సుమారు 12 మైళ్ల దూరమున, ఢేపానదీతీరమున, కాంతనగరమను గ్రామమున్నది. ఈ ప్రాంతము 1947లో తూర్పు పాకిస్తానమున జేరి, 1971 నుండి బంగ్లాదేశమున నున్నది. ఆ గ్రామమున ఇటికెలతో గట్టి, కాల్చిన మట్టిపలకలతో ఆపాదమస్తకము గప్పిన శ్రీకృష్ణాలయ మొకటి కలదు. 1807-08 సంవత్సరములలో దినాజపుర మండలమును పరిశీలించిన బుకానన్ హామిల్టన్ దొర వంగదేశపు టాలయములలో దీనినే మేలైనదానినిగా ప్రశంసించెను. నాటినుండి నేటివఱకు దీనిని గూర్చి వ్రాసినవారు అనేకులు. ఐనను ఈ యాలయ మెప్పటిదన్న ప్రశ్నకు మాత్రము లోకమున రెండు సమాధానములు వాడుకలో నున్నవి. 1704లో ఆరంభమై 1722లో ముగిసెనని ఫెర్గూసన్ దొర 1876లో ప్రకటించిన వాస్తుచరిత్రమున గలదు. శాలివాహనశకము 1674, అనగా క్రీస్తుశకము 1752, అని ఇతరులు. ఈ రెండవ పక్షమువారు ఆలయపీఠమున ఈశాన్యదిక్కున నున్న సంస్కృతశాసనశ్లోకమును ప్రమాణముగా జూపుదురు.

ముప్పది యేండ్ల భేదమునకై ఇంత విచారమేల యని కొందఱకు తోపవచ్చును. ఈ భేదము కేవలము అంకెలది కాదు. 1722 వఱకు రాజ్యము చేసినవాడు ప్రాణనాథుడు. ఆ యేట రాజ్యమునకు వచ్చి 1760 వఱకు పాలించినవాడు ఆతని దత్తపుత్రుడైన రామనాథుడు. కావున సంవత్సరము మాఱినచో ప్రాసాదమునకు కర్త మాఱును. శాసనశ్లోకమే రెండవ పక్షమునకు ఆధారమని చెప్పుచున్నారుగదా. ఆ శ్లోకమును వ్యాకరణమర్యాద ననుసరించి యన్వయించినచో అది మొదటి పక్షమునకే సాక్ష్య మిచ్చుచున్నదని నా యభిప్రాయము. దానిని నిరూపించుటకు ముందు ఆలయస్వరూపమును, దానిని జుట్టుకొన్న గాథలను కొంత చెప్పవలసియున్నది.

మొదట పేరు. తెలుగువారికి 'కాంత' యనగానే స్త్రీ స్ఫురించును. ఇచట నది స్త్రీలింగము కాదు. కమ్ ధాతువునకు క్తప్రత్యయము చేరి, ఉపధాదీర్ఘము వచ్చి, కాంతశబ్ద మేర్పడినది. కోరబడినవాడు, ప్రియుడు అని యర్థము. రుక్మిణీకాంతుడైన శ్రీకృష్ణుడే ఇచటి దైవము. 'కాంతజీ' యని, 'కాంతజీవు' అని వంగీయులు పిలుతురు. రాధాకృష్ణభక్తి వెల్లివిరిసిన వంగభూమిలో శ్లోకకర్త రాధను గాక రుక్మిణిని స్మరించుట గమనింపదగినది. రాజు ప్రతిష్ఠింపించిన దేవుని పట్టమహిషితో గూర్చి చెప్పుట ఆతనికి ఉచితముగా దోచి యుండును.

ఇక ప్రాసాదము. గంగాబ్రహ్మపుత్రల యొండ్రుమట్టిపై నున్న వంగదేశమున రాయి అరుదు. కొండను దొలిచి, బండను జెక్కి పనిచేసిన మన దేశపు శిల్పులకు గల సౌకర్యము వారికి లేదు. వారు కాలిక్రింది మట్టినే తీసి, పదును చేసి, పచ్చిగా నుండగనే దానిపై బొమ్మలు దీర్చి, ఆవమున గాల్చి, గోడలకు దాపిరి. విష్ణుపురమున మల్లరాజైన రఘునాథసింహుడు 1643లో గట్టించిన శ్యామరాయమందిరము, 1655లో గట్టించిన జోడుబంగళా ఈ పద్ధతికి ప్రసిద్ధమైన లక్ష్యములు. కాంతనగరాలయము వానికి తరువాతిది. ఇది చతురస్రము, ఒక్కొక్క ప్రక్క సుమారు 50 అడుగులు. మూడంతస్తులుగా, మీదిమీదికి జిన్నదగుచు లేచినది. నడుమ గర్భగృహము, చుట్టును వసారా. ప్రతిముఖమున రెండు బలసిన ఇటికెస్తంభముల నడుమను ప్రక్కలను మూడేసి కమానులు. చూరు తిన్నగా నుండక ధనుస్సువలె వంగియుండును. వెదురుబద్దలు వంచి పూరిల్లు గప్పుకొను ఆ దేశపువారి యలవాటు ఇటికెలలోను నిలిచిపోయినది. పీఠమున నున్న రాళ్లు ప్రాచీనమైన బాణగఢమునుండి తెచ్చినవని ప్రతీతి.

'నవరత్న' మనగా మణులని భ్రమపడరాదు. వంగవాస్తువున రత్నశబ్దము పైకప్పుపై లేచిన శిఖరమునకు రూఢి. మొదటి యంతస్తు కప్పున నాలుగు మూలల నాలుగు, రెండవదానిపై నాలుగు, అన్నిటికి మీద నడుమ నొకటి, వెరసి తొమ్మిది. 1871లో రావెన్‌షా దొర తీసిన ఛాయాచిత్రమున ఈ తొమ్మిదియు గనబడును. 1897వ సంవత్సరము జూను 12వ తేదీని అస్సాముదేశమును వణకించిన మహాభూకంపమున అవి కూలిపోయినవి. పిమ్మట మహారాజు గిరిజానాథుడు ఆలయమును బాగుచేయించెను గాని శిఖరములను మరల నెత్తింపలేదు. నేడు శ్లోకమున నవరత్నశబ్దమున్నది. గుడిపై నొక్క రత్నమును లేదు.

మట్టిపలకల సంఖ్య పదునైదు వేలకు దగ్గఱ యని లెక్కవేసినారు. ఈ పలకలను గూర్చి వ్రాయువారు పెక్కురు 'గ్రామ్యకళ' యని యొక మాటతో తేల్చివేయుట నాకు సమ్మతము గాదు. ఇందు క్రమమున్నది. పీఠమునకు దగ్గఱగా, నిలుచున్నవాని మోకాలి యెత్తున, లోకవృత్తము: మొగలాయి వేషములు దాల్చిన ప్రభువుల వేట, ఏనుగులు, గుఱ్ఱములు, ఒంటెలు, పల్లకులు, హుక్కాగొట్టము చేతబట్టిన దొరతనము, నావలు. దానికి మీద దేవచరిత్రము: బాలకృష్ణుని లీలలు, పూతన, బకుడు, కాళియుడు, రామకథలో శూర్పణఖానాసికాచ్ఛేదము, సీతాపహరణము, వాలిసుగ్రీవుల ద్వంద్వయుద్ధము, కురుక్షేత్రసంగ్రామము. చూపు క్రిందినుండి మీదికి బోవుకొలది లోకమునుండి పురాణమునకు ఎక్కును. కావ్యమున వస్తునిర్దేశమునకు స్థానమున్నట్లే ఇచట ప్రతి కథకును గోడపై స్థాన మేర్పడియున్నది. మఱియొక విశేషము. క్రిందివరుస ప్రభువులకు మొగలాయి తలపాగ, జామా గలవు. వాని మీదివరుసలో ధనుర్ధరులైన వీరులకు కిరీటములు గలవు. శిల్పి తన కాలమునకును పురాణకాలమునకును భేద మెఱిగి దీర్చినాడు. లేపాక్షి కప్పున జిత్రించిన పదాఱవ శతాబ్దపు పొడుగు కుళ్లాయిలను, చీరల యంచులను జూచినవారికి ఈ యానందము కొత్తది గాదు.

ఐతే వేషభూషలు 1722కును 1752కును గల భేదమును దేల్చజాలవు. ముప్పది యేండ్లలో తలపాగ చుట్టు మాఱదు. కావున కాలనిర్ణయమునకు శిల్పము చాలదు, శబ్దమే శరణ్యము.

గాథలు రెండు మూడు కలవు. కాంతనగర ప్రాంతము మహాభారతమున జెప్పిన విరాటుని రాజ్యమని, ఉత్తరగోగ్రహణము జరిగిన గోష్ఠ మిదియే యని స్థానికులు చెప్పుదురు. మత్స్యదేశము పశ్చిమమున నుండినదని తెలిసిన పండితులకు ఇది హాస్యాస్పదముగా దోచును. కాని వానలు లేనప్పుడు విరాటపర్వమును జదివించు మన గ్రామములవారు ఆ వంగీయుల యిష్టమును తెలిసికొనగలరు. భారతకథను తమ పొలిమేరలోనికి తెచ్చుకొనని పల్లె మన దేశమున మాత్ర మెన్ని గలవు?

రెండవ గాథ ప్రాణనాథునిది. ఆతనిపై నేరములు మోపబడగా, సమాధానము చెప్పుకొనుటకై ఔరంగజేబు చక్రవర్తి కొలువునకు ఢిల్లీ వెళ్లెనట. అనుగ్రహము బడసి తిరిగివచ్చుచు, బృందావనమునుండి శ్రీకృష్ణవిగ్రహమును దెచ్చి, ఈ తావున నిలిపి, ఆలయము గట్టింప సంకల్పించెనట. ఔరంగజేబు 1707లో మరణించెను గనుక, ఈ గాథలో నిజమున్నచో సంకల్పము అంతకు ముందటిది కావలెను. ఫెర్గూసన్ చెప్పిన 1704కు ఇది విరుద్ధము గాదు. విగ్రహము నావపై వచ్చెననుటకు లోకాచారమును సాక్ష్య మిచ్చుచున్నట్లున్నది. జన్మాష్టమికి ముందు కాంతజీవిగ్రహమును నదిమార్గమున నావపై దినాజపుర రాజగృహమునకు గొనిపోవుట, అచట సుమారు మూడు నెలలుంచుట, కార్తికమున రాసపూర్ణిమకు ముందు మరల కాంతనగరమునకు దెచ్చుట అనుశ్రుతముగా వచ్చిన యాచారము. రాసపూర్ణిమకు గొప్ప తిరునాళ్లు జరుగును. దేవుడు వర్షర్తువున రాజునింట, శరత్తు కడపట తన యింట నుండునన్నమాట. శ్లోకమున కాంతనగరమును 'కాంతుని స్వనగర'మని చెప్పుటలోని స్వారస్యము ఈ యాచార మెఱిగినవారికే తెలియును.

ఇప్పుడు ప్రకృతము. శ్లోకము స్రగ్ధరావృత్తము. ముద్రితమైన పాఠమున దాని తాత్పర్యము రెండు వాక్యములుగా నున్నది. మొదటిది: ఇన్నవ శకమున ప్రాణనాథభూపతి నవరత్నమను పేరుగల మిక్కిలి రమ్యమైన ప్రాసాదమును జేసెను. రెండవది: తండ్రి సంకల్పము సిద్ధించుటకై రామనాథరాజుచేత అది కాంతుని స్వనగరమున కాంతునకు ఈయబడినది. మొదటి వాక్యము కర్తరి. క్రియ లుఙంతము, కర్త ప్రాణనాథుడు. రెండవది కర్మణి, క్రియ క్తాంతము, కర్త తృతీయాంతుడైన రామనాథుడు. శకమును జెప్పు సప్తమ్యంతము శ్లోకపు మొదట, ప్రాణనాథుడు కర్తగా గల వాక్యముననే యున్నది. అధికరణసప్తమి తన వాక్యములోని క్రియను విడిచి, అది సమాప్తమైన తరువాత వచ్చు క్రియతో నన్వయించుట శాబ్దికులకు సమ్మతము గాదు. కాబట్టి శ్లోకము చెప్పు సంవత్సరము 'చేయుట'కు సంబంధించినది గాని 'ఇచ్చుట'కు సంబంధించినది గాదు.

ఆ సంవత్సర మేది? వేద, అబ్ధి, కాల, క్షితి అను నాలుగు సంఖ్యాశబ్దములచే నది చెప్పబడినది. అంకెలకు వామగతి. వేదములు నాలుగు; క్షితి యొకటి; ఇందు వివాదము లేదు. 1674 అనువారు అబ్ధికి ఏడును, కాలమునకు ఆఱును గ్రహింతురు. సప్తసముద్రములు పురాణప్రసిద్ధములు గనుక అబ్ధి ఏడగుట అసంభవము గాదు. అట్టి ప్రయోగములును లేకపోలేదు. ఐనను జ్యోతిషగ్రంథములందును, శాసనములందును, మన తెలుగుదేశపు శాసనములందును అబ్ధి, జలధి, సాగరాదిశబ్దములకు నాలుగే సామాన్యవ్యవహారము. కాలశబ్దమునకు భూతభవిష్యద్వర్తమానములను బట్టి మూడు సామాన్యము; ఋతువులను బట్టి ఆఱు గౌణము.

ఇచట న్యాయ మిది: ముఖ్యార్థమునకు బాధ కలిగిననే గౌణార్థమును గ్రహింపవలెను. కాలశబ్దమునకు మూడు చెప్పినచో శకము 1344 గాని 1374 గాని యగును. అనగా క్రీస్తుశకము 1422 లేక 1452. అప్పటికి ప్రాణనాథుడు లేడు, దినాజపురరాజ్యమును లేదు. ముఖ్యార్థము బాధితము, కావున ఆఱు. మంచిది. అబ్ధికి నాలుగు చెప్పినచో బాధ యేమి? శకము 1644, దానికి 78 చేర్చగా 1722. ప్రాణనాథుని పాలన ముగిసిన సంవత్సరమే యది. బాధ లేదు సరికదా, పొందికయే యున్నది. బాధ లేనిచోట ముఖ్యార్థమును విడిచి గౌణార్థమును గ్రహించుట యేల?

ఛందస్సును చూతము. స్రగ్ధరకు మొదటి యతివఱకు గల యేడక్షరములలో అయిదవది లఘువు, తక్కినవన్నియు గురువులు. వేదశబ్దముతో సంధి గూడిన అబ్ధిశబ్దపు 'బ్ధి' ఆ లఘుస్థానమున బడినది. కవికి ఏడు చెప్పవలెనని యున్నచో సప్తకులపర్వతములను బట్టి ఏడునకు రూఢమైన అద్రిశబ్ద మున్నది. వేదశబ్దముతో సంధి చేసిన దానికిని మాత్రలు సరిగా అవియే. గణభంగము రవంతయు లేదు. నిస్సందేహమైన శబ్దము చేతికందుచుండగా సందిగ్ధమైన శబ్దమును వాడుట యేల? నాలుగే చెప్పదలచినచో కారణము స్పష్టము. వేదశబ్దము నొకమాఱు వాడెను, పునరుక్తి తప్పించుటకు నాలుగునకే రూఢమైన మఱియొక శబ్దము కావలసెను, అబ్ధిని గ్రహించెను.

దీనికి పూర్వపక్షి యడుగవచ్చును: ఆఱునకు తర్కశబ్ద మున్నదిగదా, అదియు కాలశబ్దముతో సమానమాత్రమేగదా, దానిని విడిచి కాలశబ్దమును వాడిన కవి సందిగ్ధతకు జంకువాడు గాడు, అబ్ధివిషయమున మాత్రమేల జంకును? ఈ యాక్షేపము బలమైనది. దీనిచేత ఛందోవాదము నిర్ణాయకము గాక సహాయకమాత్ర మగును. అంతవఱకు ఒప్పుకొందును. కాని కాలశబ్దమున సందేహమును ప్రాణనాథుని పేరే తీర్చుచున్నది; చదువరి తప్పిపోవుటకు వీలు లేదు. అబ్ధిని ఏడుగా నుద్దేశించియుండినచో తప్పిపోవుటకే వీలెక్కువ.

మఱియొక పూర్వపక్షము. శకము శ్లోకాదిని ఉన్నది గనుక దేహళీదీపన్యాయమున రెండు క్రియలకును అన్వయించును. కావున దాతయైన రామనాథుని సంవత్సరమగును అందురు. దేహళీదీపము గడపమీద నుండునది. ఆ యింటికిని ఈ యింటికిని నడుమ నుండుటచేతనే రెంటికి వెలుగిచ్చును. మొదటి గది వెనుకగోడ నానించిన దీపమునకు ఆ న్యాయము చెల్లదు. ఒకవేళ రెంటికి అన్వయించినను, మొదటి క్రియకు అన్వయించుట తప్పునా? 1752లో ప్రాణనాథుడు ప్రాసాదమును 'చేసె'నన్నచో, 1722తో పాలన ముగిసినవానిని ముప్పది యేండ్ల తరువాత కర్తను జేసినట్లగును. శాసనకవి తన ప్రభువు తండ్రిని గూర్చి యట్టి యసంగతము వ్రాయడు.

గోడలు తండ్రివి, మట్టిపలకలు కొడుకువి అని సర్దుబాటు చేయువారును కలరు. ఇది వినుటకు ఇంపుగా నున్నది. కాని మిక్కిలి రమ్యమన్న విశేషణమును, చక్కగా రచింపబడినదన్న విశేషణమును ద్వితీయావిభక్తితో ప్రాణనాథుడు చేసిన ప్రాసాదమునకే చేరియున్నవి. రామనాథుని వాక్యమున సంతోషించిన మనస్సు గలదు, తండ్రి సంకల్పము గలదు, దానము గలదు. నిర్మాణవాచకమైన శబ్ద మొక్కటియు లేదు. తాను చేసినది కొంతయైన నున్నచో ఆస్థానకవి దానిని మఱచునా? ఆ మితభాషిత్వమున రామనాథుని గౌరవము పెరుగుచున్నది. దత్తుడై వచ్చినవాడు తండ్రి కట్టినదానిని తండ్రి పేరనే యుంచి, తాను దాతగా మాత్రమే నిలిచినాడు.

1722ను గ్రహించినచో తండ్రి సంకల్పసిద్ధియన్న మాట సార్థక మగును. ప్రాసాదము ముగిసెను; కట్టించినవాని కాలమును ముగిసెను; దేవునకు సమర్పించుట మిగిలెను; దానిని కొడుకు చేసెను. శ్లోకము రచింపబడినది, చెక్కబడినది రామనాథుని కాలముననే యనుటలో నాకు సందేహము లేదు. 1752 వఱకు ఎప్పుడైనను, అటుపిమ్మట నైనను చెక్కియుండవచ్చును. శిలపై చెక్కిన కాలము వేఱు, శిల చెప్పు కాలము వేఱు. ఈ రెంటిని గలిపివేయుటయే ఇంతవఱకు జరిగిన పొరపాటు.

ఈ నిర్ణయముచే మూడవ గాథ యొకటి సవరింపబడును. కాంతనగరమునకు సమీపమున నయాబాదను గ్రామమున ఒక మసీదు కలదు. ఆలయము గట్టుటకు పశ్చిమదేశమునుండి వచ్చిన మహమ్మదీయ శిల్పులు తమ ప్రార్థనకై దానిని గట్టుకొనిరని ప్రతీతి. ఆ మసీదున పారసీకభాషాశాసనము కలదు. షా ఆలము చక్రవర్తి కాలమున, వంగాబ్దము 1200, అనగా 1793లో, అది కట్టబడెనని తెలియుచున్నది. ఆలయము 1752 నాటిదైనచో నడుమ 41 యేండ్లు. పనివారిలో పిన్నవాడెవడైన ముసలితనమున మసీదుపని చేసెనని సమర్థింపవచ్చును. 1722 నాటిదైనచో 71 యేండ్లు, అది అసంభవము. అప్పుడు మసీదు గట్టినవారు ఆలయశిల్పుల మనుమలు కావలెను. గాథకు దీనివలన లోపము లేదు. పని ముగిసిన వెంటనే మూటముల్లె గట్టుకొని స్వదేశమునకు బోక, ఆ శిల్పికుటుంబము లచటనే భూమి సంపాదించి, రెండు తరములు కాపురమున్నవని తేలును. కృష్ణాలయమునకు పలకలు దీర్చిన చేతుల వారసులే తమ మసీదునకు ఇటికెలు పేర్చిరనుట మునుపటి గాథకంటె నాకు నమ్మదగినదిగాను, మెచ్చదగినదిగాను ఉన్నది.

ఇక మిగిలినది శిలాపరీక్ష. పైవిచారమంతయు ముద్రితపాఠమును బట్టి చేసినది. వంగలిపిలో సంయుక్తాక్షరములు శిథిలమైనచో ఒకదాని కొకటి పోలియుండుట కలదు. నా వాదమంతయు ఒక్క సంయుక్తాక్షరముపై నానియున్నది గనుక, ఆలయమును దర్శింపబోవు సంస్కృతజ్ఞు లెవరైనను శిలపై కాగితము మోపి ప్రతిబింబ మెత్తి, వేదశబ్దమునకు తరువాత నున్నది 'బ్ధి'యో 'ద్రి'యో కన్నులార జూచి ప్రకటింపవలెను. 'ద్రి' యైనచో శకము 1674 అనక తప్పదు. అప్పుడు ప్రాణనాథుని కర్తృత్వమును సమర్థించు భారము ఆ పక్షమువారిపై బడును. 'బ్ధి' యైనచో 1722ను కాదనుటకు నాకు కారణము కనబడదు.